లైను మంచిగనే ఉన్నది

నాలుగు రోజులుగా మా చెల్లె హన్నా నాతో మాట్లాడడం లేదు. నేను గుమ్మంలో అడుగుపెడితే లేచి వెనకింట్లోకి పోతోంది. పోయిన వారం చదివినవాళ్లకు కారణం తెలుసు. చదవనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. నిదానంగా చెప్పే ఓపిక ఈ వారం నాకు లేదు.

నా పేరు రత్నం. మాది కాశిబుగ్గ. వరంగల్ అండర్ బ్రిడ్జి పక్కన వీరభద్రం సేటు లారీల ఆఫీసులో ఫోన్ల మెకానిక్‌ని. సేటుకు వరంగల్ కాక రెండు బ్రాంచీలున్నాయి, నెక్కొండలో ఒకటి, ఏటూరునాగారంలో ఒకటి. ట్రంకు కాల్ బుక్ చేసి పూటంతా పడిగాపులు కాసే బాధ లేకుండా ఆ రెండింటికీ వరంగల్ నుంచి నేరుగా లైన్లు అద్దెకు తీసుకున్నాడు. ఇక్కడ హ్యాండిల్ తిప్పితే అక్కడ గంట మోగుతుంది. మధ్యలో వినేవాడు ఉండడు. స్తంభాలు టెలిఫోను డిపార్ట్‌మెంటువే అయినా, లైను ఎక్కడ తెగిందన్నా ముందు ఉరికేది నేనే.

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు మా బావ జయరాజు, అంటే హన్నా మొగుడు, ఉప్పు లోడు వేసుకుని ఏటూరునాగారం బయలుదేరాడు. క్లీనరును దింపేసి ఒక్కడినే పొమ్మన్నారు. ఉప్పు బస్తాలకు ఇంత తొందరేందో అని అన్నం తింటూ హన్నాతో అన్నాడట. అప్పటికే పైన గోదావరి పోటెత్తి, తాడ్వాయి దాటాక వాగు రోడ్డు మీదికి ఎక్కేసింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున వాగులో బోర్లాపడిన లారీ కనిపించింది. మనిషి కనిపించలేదు. నేనూ ఆ ఊరివాళ్లూ కర్రలు పట్టుకుని చీకటి పడేదాకా ఒడ్డు వెంట వెతికాం.

ఏటూరునాగారం నుంచి ముందే కబురు ఎందుకు రాలేదని హన్నా ఏడుస్తూ అడిగితే, సేటు వేలెత్తి నన్ను చూపించాడు. లైను చచ్చిపోయిందమ్మా, మీ అన్న చూసుకోలేదు అన్నాడు. హన్నా ఆ మాట నమ్మింది. సొంత అన్న నిర్లక్ష్యం వల్ల మొగుడు నీళ్లపాలయ్యాడని నమ్మిన ఆడమనిషి ఆ అన్న ముఖం ఎలా చూస్తుంది? నేనామెను తప్పుపట్టను. నా కోపమంతా ఆ మాట పుట్టించిన నోటి మీద.

లైను తెగలేదా అంటే తెగింది. కానీ గురువారం సాయంత్రం ఐదింటికి తెగింది, వాగు రెండు స్తంభాలను ఎత్తుకుపోయినప్పుడు. మధ్యాహ్నం దాకా అది బతికే ఉంది. ఆ పూట పదకొండున్నరకు టెస్టు చేసింది నేనే.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఎక్స్ఛేంజి నుంచి కబురొచ్చింది. కొత్త స్తంభాలు పాతారు, ఏటూరునాగారం లైను కలిసింది. నా సంచీ భుజాన వేసుకుని సైకిలెక్కాను. కాశిబుగ్గ నుంచి అండర్ బ్రిడ్జి దాకా ఎలా తొక్కానో నాకే గుర్తులేదు.

ఆఫీసులో ముగ్గురున్నారు. గోడవారగా బెంచీ మీద హన్నా, చేతుల్లో మడిచిన చేతిరుమాలు. లోపలి కుర్చీలో వీరభద్రం సేటు. రెండు ఫోన్ల ముందు హెడ్ క్లర్కు రాజేశ్వర్ రావు. యాభై దాటిన మనిషి, ఉతికిన ధోవతి, టేబులు సొరుగులో పసుపు గుడ్డలో చుట్టిన పంచాంగం. ఏ డ్రైవరు కొత్త బండి ఎక్కాలన్నా, ఎవరింట్లో ఏ శుభకార్యమైనా రావుసారు పంచాంగం విప్పాల్సిందే. మావాళ్లలో కూడా కొందరు పాస్టరుగారికి తెలియకుండా వచ్చి అడిగిపోతారు.

హన్నా నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను నేరుగా రావుసారు టేబులు దగ్గరికి పోయి, జేబులోంచి చించిన బీడీ కట్ట కాగితం తీసి ఆయన ముందు పరిచాను.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఆషాఢంలో ఎవడో దొంగ, దారిలో ఒక స్తంభమెక్కి మా నెక్కొండ లైనుకు వైరు తగిలించి, అచ్చం సేటు గొంతుతో మాట్లాడి పల్లీల లోడు ఒకదాన్ని వేరే దారి పట్టించాడు. సేటు రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు ఒక హుకుం జారీ చేశాడు. ఇకమీదట ఫోను చేసినవాడు ముందు ఆ రోజు తిథి చెప్పాలి. చెబితేనే మాట. తప్పు చెబితే మారుమాట లేకుండా ఫోను పెట్టేయాలి. సరైన తిథి ఏదో చెప్పనే కూడదు, చెబితే దొంగ నేర్చుకుంటాడు. మూడు ఆఫీసుల్లో మూడు క్యాలెండర్లు వేలాడదీయించాడు. ఈ ఆలోచన ఇచ్చింది రావుసారే. నిజం చెప్పాలంటే ఆ రోజు నాక్కూడా బాగానే అనిపించింది.

ఆ మర్నాటి నుంచే నా నెత్తిన పిడుగు పడింది. లైను కట్ అవుతోంది అని నెక్కొండ నుంచి ఫిర్యాదు. లైను కట్ అవుతోంది అని ఏటూరునాగారం నుంచి ఫిర్యాదు. నెల రోజులు స్తంభాలెక్కాను. వైర్లు కట్టే పింగాణీ కప్పులు మార్చాను, జాయింట్లు విప్పి మళ్లీ చుట్టాను, బ్యాటరీలు మార్చాను. ఎప్పుడు చూసినా లైను బాగానే ఉండేది. నేను దిగిన మర్నాడు మళ్లీ అదే ఫిర్యాదు. పనిచేతకానివాడని సేటు పదిమందిలో అన్నాడు. విసుగెత్తి, ఏ లైను ఏ రోజు ఎన్ని గంటలకు పోయిందో ఆ బీడీ కాగితం వెనక రాయడం మొదలుపెట్టాను.

రావుసారూ, ఒక్కసారి చదవండి అన్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు కానీ చదవలేదు. నేనే చదివి వినిపించాను. పోయిన మంగళవారం ఒంటిగంట ముప్పావు దాకా రెండు లైన్లూ బాగున్నాయి, ఆ తర్వాత రెండూ పోయాయి. బుధవారం ఒంటిగంట దాటాక రెండూ పోయాయి. గురువారం పన్నెండుంబావుకు. శుక్రవారం ఏటూరునాగారం లైను ఎలాగూ వాగులో ఉంది, నెక్కొండ ఒక్కటే పదకొండూ ఇరవైకి పోయింది. రోజుకింత ముందుకు జరుగుతోంది. ఒక లైను రైలు పట్టా వెంట పోతుంది, ఇంకోటి అడవి దారిన పోతుంది. రెండింటికీ ఎక్కడా పొత్తు లేదు. మరి రెండూ ఒకే నిమిషానికి ఎలా చస్తాయి?

సేటు లోపలి నుంచే, పొద్దున్నే ఈ పంచాయితీ ఏంది, పోయి లైను చూసుకో అన్నాడు. నేను ఆయన వైపు తిరగలేదు. తిరిగితే ఏమంటానో నాకే తెలియదు.

శనివారం ప్యాసింజరెక్కి నెక్కొండ పోయాను. అక్కడి ఆఫీసు చూసుకునే శారద స్టేషన్ బజారు షావుకారుగారి కూతురు, లెక్కలోనూ మాటలోనూ ఖచ్చితమైన మనిషి. నా ముందే హ్యాండిల్ తిప్పి, అవతల ఎత్తగానే ఏకాదశి అంది. మరుక్షణం ఠక్కుమని శబ్దం. చూసినవా అన్నా, మళ్ల కట్టయింది అని నాకు రిసీవరు చూపించింది. పదహారేళ్లుగా ఈ పని చేస్తున్నాను. తెగిన లైను గరగరమంటుంది, లేదంటే బావిలో చెవి పెట్టినట్టు ఉంటుంది. ఠక్కుమనదు. ఠక్కుమనేది మనిషి పెట్టేసిన ఫోను.

ఇవాళ ఏకాదశేనా అని శారదను అడిగాను. ఆమెకు కోపమొచ్చింది. పొద్దటి నుంచి ఉపవాసమున్నాను, నాకు తెలియదా అంది. పొద్దు పొడిచినప్పుడు ఏ తిథి ఉంటే ఇంట్లో ఆ రోజంతా అదే తిథి, మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే అంది. మరి ఇదేమిటని క్యాలెండరులో ఏకాదశి కింద చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాను. పది ఇరవై వరకు అని ఉంది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. శారద ఆ అక్షరాలనూ గడియారాన్నీ చూసి కుర్చీలో కూలబడింది.

ఇదంతా చెప్పి, రావుసారు ముఖంలోకి చూస్తూ అడిగాను. గురువారం నవమి ఎంతవరకుంది?

పంచాంగం విప్పాల్సిన పని ఆయనకు లేదు. పన్నెండుంబావు దాకా అన్నాడు. ఆ తర్వాత దశమి.

"ఏటూరునాగారం ఆఫీసు నుంచి ఇస్సాకు ఫోను చేసిండా?"

"చేసిండు. పన్నెండు నలభైకి."

బెంచీ కిర్రుమంది. హన్నా ఇటు తిరిగింది.

"ఏమన్నడు?"

"నవమి అన్నడు." రావుసారు గొంతులో తడబాటు లేదు. అదే నన్ను కాల్చింది. "దశమి వచ్చినంక నవమి అంటే నేనెట్ల ఒప్పుకోవాలె? పెట్టేసిన. మళ్ల పన్నెండు యాభై ఐదుకు చేసిండు, మళ్ల గదే మాట. హుకుం ప్రకారం పెట్టేసిన."

"ఇస్సాకు గొంతు మీకు తెల్వదా సారూ? నాలుగేండ్ల సంది వింటున్నరు గదా."

"గొంతు ఎవడైనా పెడ్తడు. తిథి పెట్టలేడు."

నాకు ఒళ్లు భగ్గుమంది. పల్లీల లోడు పోయిన రోజు నుంచి ఈయన రోజూ సాయంత్రం, ఇవాళ ఇద్దరు దొంగలు తగిలారు, ఇవాళ ముగ్గురు తగిలారు అని సేటుకు చెప్పుకుని మెప్పు పొందేవాడని నాకు ఆదివారమే హమాలీలు చెప్పారు. ఆ దొంగలు ఎవరు? నెక్కొండలో ఉపవాసమున్న శారద. ఏటూరునాగారంలో క్యాలెండరు మీద పెద్దక్షరాలు చూసి చదివే ఇస్సాకు. వాడు పుట్టిన దగ్గర నుంచీ చర్చికి పోయే ఆదివారం ఒక్కటే తెలిసినవాడు, ఒక తిథి మధ్యాహ్నం అయిపోయి ఇంకోటి మొదలవుతుందని వాడికి ఎవడు చెప్పాడు? వాడు సరే, మాలో ఎవరికి చెప్పారు? తమకు తెలిసింది లోకానికంతా తెలుసునని అనుకునేవాళ్లంటే నాకు మొదటి నుంచీ మంట. ఆ సంగతే గట్టిగా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ పత్రికలో రాసేవి కావు.

హన్నా లేచి వచ్చి టేబులు ముందు నిలబడింది. నాలుగు రోజులుగా నిద్రలేని కళ్లు. ఆమె అరవలేదు.

"వాగొచ్చిందని ఒక్క మాట వింటే మీ దశమి పోతుండెనా సారూ?"

 రావుసారు సొరుగు లాగి నల్ల అట్ట నోటుబుక్కు తీసి గురువారం పేజీ తెరిచాడు. తప్పు తిథి, పన్నెండు నలభై. తప్పు తిథి, పన్నెండు యాభై ఐదు. చక్కని దస్తూరి. ఆయన ఏదీ దాచలేదని, దాచాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదని అప్పుడు అర్థమైంది. హుకుం నిలబెట్టానని గర్వంగా రాసుకున్నాడు. ఆ వాగు సంగతి ఇప్పుడు గానీ ఆయన తలకెక్కలేదు. అమ్మా, నాకు తెల్వదు, వాడు నవమి అన్నడు గానీ వాగు అనలేదు అన్నాడు. అననిచ్చారా అని అడిగాను.

మరి లైను చచ్చిందని సేటుకు ఎవరు చెప్పారంటే, తాను చెప్పలేదన్నాడు రావుసారు. అందరం లోపలి కుర్చీ వైపు చూశాం.

వీరభద్రం సేటు లేచి వచ్చాడు. మంచి ఎత్తు, నెమ్మదైన గొంతు. అయిందేదో అయింది, రావు తెలివితక్కువగా చేశాడు, నేను కూడా తొందరపడి రత్నాన్ని అన్నాను, హన్నాకు నేనున్నాను, ఫికర్ పెట్టుకోవద్దు అన్నాడు. రావును ఇవాళే పనిలోంచి తీసేస్తానన్నాడు. ముప్పై ఏళ్లు చేసిన గుమాస్తాను ఒక్క ముక్కలో వదిలేశాడు. రావుసారు ఆయన వైపు చూసిన చూపు చూసి నాకు ఆయన మీది కోపం సగం చల్లారింది.

హన్నా మాత్రం నావైపు చూడనే లేదు. నోటుబుక్కు ఉంది, కాగితం ఉంది, అయినా ఆమె మనసులో ఇంకా ఏదో మూల నమ్మకం కుదరలేదు. ఇంత జరిగాక మాటలతో ఏం నమ్మిస్తాను? సంచీలోంచి టెస్టు ఫోను తీశాను. స్తంభమెక్కినప్పుడు వాడేది, రెండు వైర్లకు రెండు క్లిప్పులు తగిలిస్తే చాలు, లైనులో మాటలన్నీ వినబడతాయి. గోడకున్న డబ్బా మూత విప్పి, ఏటూరునాగారం వైర్లకు క్లిప్పులు తగిలించి, ఆ ఫోను హన్నా చేతికిచ్చాను.

"నా మాట నమ్మకు చెల్లె. నీ చెవితోని విను."

ఆమె తీసుకుని చెవికి ఆనించుకుంది. నేను టేబులు మీది ఫోనెత్తి హ్యాండిల్ తిప్పాను. సేటు, ఇప్పుడెందుకు అది, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఆయన గొంతులో నెమ్మది కొంచెం తగ్గిందని నాకు అప్పుడు తట్టలేదు.

రెండో గంటకే ఇస్సాకు ఎత్తాడు. ఫోను చేసింది మేమే అయినా, ఎత్తీ ఎత్తగానే భయంతో వాడే తిథి చెప్పడం మొదలుపెట్టాడు.

"త్రయోదశి సార్. క్యాలెండరుల త్రయోదశి అనే ఉన్నది సార్, నాకు వేరే తెల్వదు, జర పెట్టెయ్యకుండ్రి."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిథి వద్దు ఇస్సాకూ, నేను రత్నాన్ని అన్నాను. వందనాలన్నా అన్నాడు వాడు, అని ఏడ్చేశాడు. నాలుగు రోజులుగా చుట్టూ నీళ్ల మధ్య ఆ ఒక్క గదిలో ఉన్నాడట. గురువారం ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. పన్నెండున్నరకు తాడ్వాయి వైపు నుంచి నడిచొచ్చిన కోయవాళ్లు వాగు రోడ్డెక్కిందని చెప్పారట. వెంటనే హ్యాండిల్ తిప్పాడట. నవమి అనగానే కట్ అయిందట. మళ్లీ తిప్పితే మళ్లీ కట్ అయిందట. రావుసారు నోటుబుక్కులో ఉన్నట్టే, నిమిషాలతో సహా.

"మూడోసారి ఒంటిగంటా పదికి చేసిన అన్నా."

ఒంటిగంటా పదికి మూడోసారా అని పైకే అని నేను రావుసారును చూశాను. నోటుబుక్కులో మూడోది లేదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒంటిగంటకు అన్నానికి పోయాను, వచ్చేసరికి ఒంటిగంటన్నర అని మెల్లగా అన్నాడు.

"మూడోసారి గూడ కట్టయిందా?"

"లేదన్నా. మూడోసారి తిథే అడగలే. ఊఁ, చెప్పు అన్నరు. అంతా చెప్పిన. వాగొచ్చింది, రోడ్డు మునిగింది, జయరాజు బావను ఆపుండ్రి అని రెండు మార్లు చెప్పిన. సరే, ఈ మాట ఎవరితోని అనకు అని పెట్టేసిండ్రు."

హమాలీలు బయట బస్తా దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. 

"ఎవరు ఇస్సాకూ?"

 వాడు గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఆయన అక్కడనే ఉన్నడా అన్నా?"

పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఒంటిగంటకు ఆ గదిలో రావుసారు లేకపోతే ఆ ఫోను ఎత్తే హక్కున్న మనిషి వరంగల్‌లో ఒక్కడే. రెండు గంటలకు లారీని పంపింది ఆయనే. క్లీనరును దింపమన్నది ఆయనే. నేను తలెత్తేసరికి వీరభద్రం సేటు టేబులు దగ్గరికి వచ్చేసి ఉన్నాడు.

"అన్నా, ఇంకొక మాట చెప్పాలె," అన్నాడు ఇస్సాకు. "జయరాజు బావ..."

సేటు చేయి చాచి ఫోను మీది మీట నొక్కేశాడు. నా చెవిలో ఇస్సాకు గొంతు ఆగిపోయింది. నొక్కిన వేలు తీయకుండానే, ఇంక చాలు, నడువుండ్రి బయటికి అన్నాడు నెమ్మదిగా.

ఆయన లారీల మనిషి, ఫోన్ల మనిషి కాదు. ఆ మీట నొక్కితే ఆ టేబులు మీది ఫోను ఒక్కటే చస్తుంది. గోడ డబ్బాలో నా క్లిప్పులు ఇంకా వైర్లను పట్టుకునే ఉన్నాయి.

హన్నా టెస్టు ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుని నిలబడి ఉంది. అవతల ఇస్సాకు హలో హలో అంటున్నట్టున్నాడు. ఆమె సేటు ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

"నేను జయరాజు పెండ్లాన్ని," అంది ఫోనులోకి. "చెప్పు తమ్మీ. మా అన్న లైను మంచిగనే ఉన్నది."